అడిగినాంక గమ్మునుండు

మరిగే నూనెలో మిరపకాయ బజ్జీ పడగానే ఒక ఘాటు లేస్తుంది. గొంతులో దిగి దగ్గు తెప్పిస్తుంది, కళ్ళలో నీళ్ళు తిప్పుతుంది, ఆ వెంటనే ఆకలి కూడా పుట్టిస్తుంది. మొన్నొక పొద్దున కదిరి బస్టాండు పక్క హోటల్లో ఆ ఘాటుకు దగ్గుకుంటూ ఉగ్గాని తింటున్నాను. నా ఎదుటి బల్ల దగ్గర సరుకుల వ్యాను నడిపే మనిషొకడు వచ్చి కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. హోటలాయన అలవాటు ప్రకారం ఉగ్గాని పళ్ళెంలో బజ్జీలు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“బజ్జీలొద్దన్నా. ఒట్టి ఉగ్గానే చాలు. మిరపకాయ ముక్కలుంటే గూడా ఏరేసి పెట్టు.”

“ఏమప్పా, కొత్త పెండ్లాము ఒట్టు పెట్టించుకునిందా?” అని హోటలాయన నవ్వాడు.

మా అనంతపురం సీమలో, నానబెట్టిన బొరుగులతో చేసే ఆ ఉగ్గానిని బజ్జీ లేకుండా అడిగేవాణ్ణి చూస్తే ఎవరికైనా నవ్వే వస్తుంది. నాకు రాలేదు. సగం కొరికిన బజ్జీని పళ్ళెంలో పెట్టేసి ఆ మనిషి దవడల వైపు చూశాను. ముద్ద ఎంత చేస్తున్నాడు, నోరు ఎంతవరకు తెరుస్తున్నాడు అని చూశాను. తినేవాళ్ళ నోటివైపు చూడకూడదని మా అమ్మ నేర్పింది. చూడమని నేర్పింది షంషాద్ మేడం. ఈ ఒక్క విషయంలో నేను అమ్మ మాట వినడం మానేసి చాలా ఏళ్ళయింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. వరసగా వానలు ఎగ్గొట్టి, వేరుశనగ చేలు పిందె పట్టకముందే ఎండిపోతున్న రోజులు. కదిరి బజారులో మాకు చిల్లర అంగడి ఉండేది. నేను అంగడి గద్దె మీదే పుట్టి పెరిగినవాణ్ణి. మాటలు రాకముందే బేరం వచ్చిందని మా వాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. డిగ్రీ ఎలాగో గట్టెక్కి, ఉద్యోగం రాక, అంగట్లో కూర్చోవడానికి నామోషీ పడుతూ తిరుగుతున్నప్పుడు గోడ మీద ఒక ప్రకటన కనిపించింది. పొగాకు, మత్తు అలవాట్ల నివారణలో శిక్షణ ఇస్తారట. పూర్తి చేస్తే సర్టిఫికెట్ ఇస్తారట, మధ్యాహ్నం భోజనం పెడతారట. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు కల్యాణ మండపం మేడ మీద నడుపుతున్నారు. సమాజ సేవ మీద నాకు అప్పటికి ప్రత్యేకమైన కోపమూ లేదు, ప్రేమా లేదు. మేడ మీద ఫ్యాన్లు తిరుగుతున్నాయి. వెళ్ళాను.

శిక్షణ ఇచ్చేది షంషాద్ మేడం. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. ముతక నూలు చీర, తలమీది నుంచి జారకుండా చెవి వెనక దోపిన కొంగు, ముక్కు కొసకు జారే కళ్ళజోడు. మాట మాత్రం సంతలో ఎడ్ల బేరం చేసేవాళ్ళ మాటంత గట్టిది. మొదటిరోజే నేను లేచి నిలబడ్డాను.

“మేడం, ఈ సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగమొస్తాదా?”

“రాదు.”

“మరి మధ్యాన్నం భోజనంలోకి పెరుగుంటాదా?”

ఆమె కళ్ళజోడు పైనుంచి చూశారు. “నీ పేరేందప్పా?”

“రమేశు మేడం.”

“మీ నాయన ఏం చేస్తాడు?”

“బజార్లో చిల్లరంగడి.”

“అనుకుంటిలే. అంగడి ముందర ఆ గుట్కా దండలు యాలాడతాంటాయా?”

“అవి లేకుంటే అది అంగడెట్లయితాది మేడం?”

హాలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. “పెరుగుంటాదిలే. నువ్వు మాత్రం ఒక్క దినం గూడా ఎగ్గొట్టకూడదు” అన్నారు. ఆ బేరంలో నేనే గెలిచాననుకుని కూర్చున్నాను.

ఆమె పాఠం మేం ఊహించినట్టు ఉండేది కాదు. కుళ్ళిన ఊపిరితిత్తుల బొమ్మలు గోడకు తగిలించలేదు. ఎవరినీ తిట్టలేదు. “నేను ముక్కుపొడి పీల్చిన దాన్నే. క్లాసులో పిల్లోళ్ళకు బోర్డు వైపు తిరగమని చెప్పి పీల్చేదాన్ని” అని ముందే చెప్పేశారు. ఒకరోజు అందరినీ నిలబెట్టి, చేతి మూడు వేళ్ళు కలిపి నిలువుగా నోట్లో పెట్టుకోమన్నారు. చూపుడు వేలు పై పళ్ళకు, ఉంగరం వేలు కింది పళ్ళకు తగలాలి. అందరం కోతుల్లాగా నోళ్ళు తెరిచి ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం. శింగనమల దగ్గరి నుంచి వచ్చి కదిరిలో ఆటో నడుపుతున్న ఓబులేశు అయితే నాలుగో వేలు కూడా పట్టిస్తానని పందెం కాశాడు. మేడం చెయ్యెత్తగానే నవ్వులు ఆగిపోయాయి.

“గుట్కా నమిలి నమిలి నోటి లోపల చర్మం గట్టిపడి తాడు మాదిరి అయితాది. అప్పుడు మూడు వేళ్ళు పట్టవు. తర్వాత రెండు పట్టవు. అంతకన్నా ముందొచ్చే గుర్తు ఇంకోటుండాది. నోట్లో కారం తగిలితే నిప్పు పెట్టినట్లుంటాది. ఇప్పుడు చెప్పండప్పా, మన సీమలో ఒక మనిషి ఉన్నట్టుండి కారం వద్దంటే, ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటారు?”

“కడుపులో పుండనుకుంటారు” అన్నారొకరు.

“పెండ్లాంతో తగాదా పడినాడనుకుంటారు” అన్నాడు ఓబులేశు.

వెనక నుంచి ఎవరో అన్నారు: “దేవునికి వదిలినాడనుకుంటారు మేడం.”

నా చేయి నోటి దగ్గర ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది.

మా నాయన అప్పటికి రెండేళ్ళుగా కారం తినడం లేదు. కాశీకి పోయినవాళ్ళు ఇష్టమైన కాయో పండో వదిలినట్టు, ఆయన కదిరి నరసింహస్వామికి కారం వదిలాడని మా ఇంట్లోనూ బజారులోనూ అందరికీ తెలుసు. అమ్మ రోజూ రెండు రోట్ల పని చేసేది: మాకు మిరపకాయలతో వేరుశనగ ఊరిమిండి పచ్చడి, ఆయనకు ఉప్పు మాత్రం వేసిన చప్పటి పొడి. చుట్టాలు వస్తే గొప్పగా చెప్పుకునేది. పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ళు సరుకులు కట్టించుకుంటూ ఆయనకు దండం పెట్టేవాళ్ళు. నేనైతే దాన్ని కూడా సరుకు చేసి అమ్ముకున్నాను. ఎవరైనా తూకం మీద అనుమానపడితే, “కారం వదిలిన మనిషి తక్కెట్లో మోసం చేస్తాడామ్మా?” అనేవాణ్ణి. ఆ మాట తర్వాత బేరం ఆడినవాళ్ళు లేరు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఆయన తింటుంటే చూశాను. సంగటిని మజ్జిగలో పిసికి జావ చేసుకుంటున్నాడు. ముద్ద కట్టడం లేదు. వేళ్ళ కొసలతో తీసుకుని పెదాల మధ్యన జార్చుకుంటున్నాడు. రెండేళ్ళుగా ఎదురెదురుగా కూర్చుని తింటున్నాం. నేను నా పళ్ళెం వైపు చూసుకున్నాను, ఆయన తన గిన్నె వైపు చూసుకున్నాడు. అంతే.

“నాయనా, మూడు వేళ్ళు ఇట్ల నోట్లో పెట్టుకో చూస్తాం” అన్నాను, ఆటగా అన్నట్టు.

“ఏమిరా, నేను చంటిపిల్లోన్నా? తిననీ” అన్నాడు. పళ్ళు కదలకుండా మాట్లాడుతున్నాడని మొదటిసారి గమనించాను.

తర్వాతి రోజుల్లో నాకు తెలిసిన విద్యలన్నీ వాడాను. గుట్కా సగం తగ్గించమన్నాను. పండగ దాకా మానమన్నాను. డాక్టరు దగ్గరికి వస్తే అంగట్లో పొద్దంతా నేనే కూర్చుంటానన్నాను. నాకు బేరం నేర్పినవాడాయన. నా ఎత్తులన్నీ పుట్టకముందే తెలుసు. “సామికి ఇచ్చిన మాట మీద మాట్లాడగూడదు” అన్నాడు, అంతటితో అమ్మ కూడా నా మీదికే లేచింది. రాత్రిపూట ఆయన దగ్గు వినిపిస్తే లేచి కూర్చునేవాణ్ణి. ఆ నోట్లో ఏం పెరుగుతూ ఉందో ఎవరం చూడలేదు. చూడనివ్వడు. దేవుణ్ణి వాకిట్లో కాపలా పెట్టుకున్న మనిషిని ఎలా దాటి లోపలికి పోతాం?

మేడంతో చెప్పాను. ఆమె వచ్చి మాట్లాడితే వింటాడేమోనన్నాను.

“నేనెవరప్పా ఆయనకు? నేను చెప్తే మర్యాదకు తలకాయ ఊపి, నేను ఈధి దాటంగానే ఇంకో పొట్లం చించుతాడు” అన్నారు. కానీ మర్నాడు క్లాసులో కుర్చీ ఈడ్చుకుని, దాని మీద కాళ్ళు మడిచి గద్దె మీద కూర్చున్నట్టు కూర్చున్నారు. “ఇప్పుడు నేను మీ నాయన. రా, మాట్లాడు.”

నేను గొంతు సవరించుకుని పొగాకులో ఉండే విషాలన్నీ ఏకరువు పెట్టాను.

“నాకు నేర్పేదానికి వొస్తివా? నీకు లాగు కట్టింది ఎవర్రా?” అన్నారామె, అచ్చం మా నాయన గొంతుతో. అందరూ విరగబడి నవ్వారు. నేను వదల్లేదు. బతిమాలాను, బెదిరించాను, అమ్మ పేరు చెప్పాను, ఆఖరికి సగానికి దిగాను. ఆమె కుర్చీ దిగి నిలబడ్డారు.

“ఇంతసేపూ నువ్వే మాట్లాడితివి. మీ నాయన తన నోటితో ఒక్క నిజం చెప్పేదానికి సందిస్తివా? మీ అంగట్లో ధర చెప్పినాంక ఏం చేస్తావు?”

“గమ్మునుంటాను మేడం. ముందు నోరు తెరిచినోడే తగ్గాల్సొస్తాది.”

“మరి ఆ తెలివి ఇంట్లో యాడికి పాయ? ఒక్కటే అడుగు. నీకు నిజంగా జవాబు తెలియంది అడుగు. అడిగినాంక గమ్మునుండు.”

నాకు జవాబు తెలియనిది ఏముంది? రెండు రోజులు ఆలోచించాను. మొక్కు అంటే అదీ ఒక బేరమే కదా: ఇది నెరవేరిస్తే అది ఇస్తాను స్వామీ అని. మా నాయన ఇచ్చింది అందరికీ తెలుసు. అడిగిందేమిటో ఎవరికీ తెలియదు. నెరవేరేదాకా మొక్కు బయట పెట్టకూడదని మా వైపు గట్టి నమ్మకం. అడగడం కూడా తప్పే. అందుకే కట్టుకున్న భార్య కూడా ఆ ఒక్క మాట అడగలేదు. దాక్కోవడానికి అంతకన్నా మంచి చోటు ఈ భూమి మీద లేదు.

శిక్షణలో భాగంగా తలా ఒక వీధిలో జనంతో మాట్లాడాల్సిన రోజు వచ్చింది. మేడం వెంట ఉండి చూస్తారు. నాకు బజారు పడింది. ఓబులేశు చెవిలో ఊది అతని రైల్వే స్టేషను వీధి నేను తీసుకుని బజారు అతనికి అంటగట్టాను. మేడంకు తెలిసిపోయింది. “ఈడ బేరాల్లేవు. బజారు నీదే. పద” అన్నారు.

మధ్యాహ్నం ఎండ. వీధిలో కుక్కలు కూడా నీడలకు చేరాయి. నాయన గద్దె మీద ఉన్నాడు, తల పైన గుట్కా దండలు తోరణాల్లాగా వేలాడుతున్నాయి. మేడంను చూసి మర్యాదగా బియ్యం బస్తా మీద గోనెపట్ట దులిపి పరిచాడు.

“కూర్చోమ్మా. ఏం నేర్పిస్తాండారు మావోనికి? ఇంట్లో నా నోట్లో యేళ్ళు పెట్టేదానికొస్తాండాడు.”

“ఈపొద్దు వాని పరీచ్చ అన్నా. నేనేం మాట్లాడను” అని ఆమె వీధి వైపు తిరిగి కూర్చున్నారు.

ఎన్నో బేరాలు ఆడినవాణ్ణి, ఆ రోజు ఒక్కటే అడిగాను.

“నాయనా, నరసింహసామికి మొక్కుకుంటివి గదా. సామిని ఏం అడిగినావు?”

“అట్ల అడగగూడదురా” అన్నాడు. నేను గమ్మునున్నాను. ఎవరో ముసలామె వచ్చి చక్కెర అడిగింది, తూచి కట్టాడు. ఒకతను వచ్చి గుట్కా అడిగితే దండ నుంచి పొట్లం పట్టుకుని లాగాడు. ప్లాస్టిక్ చిరిగిన ఆ చప్పుడు నాకు జోలపాటంత పాతది; ఆ రోజు వీపు మీద గీరినట్టు అనిపించింది. నాకు వంద మాటలు నోటిదాకా వచ్చాయి. ‘పోనీలే నాయనా’ అనాలనిపించింది. ‘చెప్పకుంటే ఇంట్లోంచి పోతా’ అనాలనిపించింది. మేడం వైపు చూశాను. ఆమె కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. ఆయన తక్కెడ సర్దాడు, గుడ్డతో గద్దె తుడిచాడు, ఆ తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. నేను కదల్లేదు.

చివరికి దిగి పక్కకు వెళ్ళి కాలువలో ఉమ్మేసి, చెంబుతో పుక్కిలించి వచ్చాడు. మా ఇద్దరినీ చూడకుండా, దండల వైపు చూస్తూ అన్నాడు.

“నోరు తెరిపించమని అడిగినానురా.”

మళ్ళీ గద్దె ఎక్కి కూర్చుని తనే అన్నాడు. “కారం తగిలితే లోపల మంట పెట్టినట్లుండె. సామికి వదిలినానంటే ఎవురూ అడగరని అట్ల చెప్తి. చెప్పినాంక భయమాయ, ఆయన పేరుతో అబద్ధమాడితినే అని. ఆ పొద్దే గుడికి పోయి నిజంగానే మొక్కుకుంటి. నోరు బాగుచేస్తే తలనీలాలు, మీసం ఇస్తానంటి. దండం పెట్టి బయటికొచ్చి మళ్ళ ఇదే నమల్తి. యాడ బాగు చేస్తాడు?”

నేను అడగలేదు. ఆయనే మూడు వేళ్ళు కలిపి నోటిదాకా తెచ్చాడు. పట్టలేదు. రెండు పెట్టి చూశాడు. ఒక్క వేలు మాత్రం లోపలికి పోయింది. ఆ వేలు అలాగే నోట్లో పెట్టుకుని, బజారు మధ్యలో, చిన్నపిల్లవాడిలాగా నా వైపు చూశాడు.

అప్పుడు మేడం నోరు విప్పారు. “రేపు పొద్దున అనంతపురం ఆస్పత్రికి పోదామన్నా.”

“రేపు సంతమ్మా. వచ్చే వారం పోదాం.”

ఆమె మారు మాట్లాడలేదు. బస్తా మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు. నాయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు, తక్కెడను చూశాడు.

“సరే, రేపే పోదాం” అన్నాడు.

బస్సులో ఆయన ఆమెను సూటిగా అడిగాడు: “నీకెట్ల పోయిందమ్మా ముక్కుపొడి?” “పోలేదన్నా. ఇప్పటికీ సంతలో ఆ అంగడి పక్క పోతే ముక్కు అటే తిరుగుతాది. నేను తిరగను, అంతే” అన్నారామె. ఆ జవాబు మా నాయనకు నచ్చింది. పూర్తిగా బాగైపోయిందని చెప్పి ఉంటే నమ్మేవాడు కాదు.

ఆస్పత్రిలో చెంప లోపల తెల్లటి మచ్చ కనిపించింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా మా ఇల్లు ఇల్లులాగా లేదు. సంగతి తెలిసి అమ్మ ఆయనతో మాట్లాడటం మానేసింది. “దేవుని పేరు చెప్పి నాతో రెండు రోళ్ళు నూరించినాడు” అని గోడలతో చెప్పుకుని ఏడ్చేది. నాయన గుట్కా మానేసి, చేతులూరుకోక అంగట్లో ఉన్న సబ్బులన్నీ దించి, మళ్ళీ పేర్చేవాడు. నేను నరసింహస్వామికి ఏం ఇవ్వజూపానో ఇక్కడ రాయను. అప్పటికే ఆయన మా ఇంటి బేరాలతో విసిగిపోయి ఉంటాడు.

మచ్చ ఇంకా క్యాన్సరు దారి పట్టలేదన్నాడు డాక్టరు. పట్టడానికి సిద్ధంగా ఉందన్నాడు. దాన్ని కోసి తీశారు. తర్వాత నెలల తరబడి ఐసుక్రీము పుల్లలు దొంతరగా పళ్ళ మధ్య పెట్టుకుని దవడ సాగదీసుకోవాలి. ఇంకో పుల్ల ఎక్కించే ప్రతిసారీ మా నాయన నాతో బేరం ఆడేవాడు, నేను ఇవ్వలేదు. దండలు మాత్రం వెంటనే దించలేదు. నేను ఒక్కమాటా అనలేదు. ఒకరోజు పొద్దున చూస్తే అవే మేకులకు షాంపూ పొట్లాలు వేలాడుతున్నాయి. పాత అలవాటుకొద్దీ వచ్చినవాళ్ళు చెయ్యి పైకి చాపి షాంపూ చించుకుని, చూసుకుని తిట్టుకునేవాళ్ళు. నోరు పూర్తిగా తెరుచుకోలేదు, రెండు వేళ్ళ దగ్గర ఆగిపోయింది. ఆయన గుడికెళ్ళి గుండు చేయించుకుని, మీసంతో తిరిగొచ్చాడు. “సామి సగమే ఇచ్చినాడు, నేనూ సగమే ఇస్తి” అన్నాడు.

సర్టిఫికెట్‌తో ఉద్యోగం రాదని మేడం చెప్పింది నిజమే. ఆమె వెంట తిరగడమే నా ఉద్యోగమైంది. పల్లెల్లో, ఆటో స్టాండ్లలో, బెంగళూరు వలస పోయి తిరిగొచ్చిన కూలీల మధ్య ఆమె అడగడం, ఆ తర్వాత ఊరకుండటం చూస్తూ నేర్చుకున్నాను. నాకు అంత తొందరగా పట్టుబడలేదు. మాట మీద బతికినవాడికి మౌనం పెట్టుబడిలో నష్టంలాగా కనిపిస్తుంది. చివరి రోజుల్లో ఆమె బళ్ళారిలో కూతురి ఇంట మంచాన ఉంటే చూడబోయాను. “మీ నాయన బజ్జీ తింటాండాడా?” అని అడిగారు.

“మిరపకాయ తీసేసి పైన పిండి వొలుచుకొని తింటాడు మేడం.”

“అట్లనే తిననీ. నూనె రుచన్నా తెలుస్తాది” అని కళ్ళు మూసుకున్నారు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. నాయన ఇప్పటికీ ఆ పిండి వొలుచుకునే తింటున్నాడు.

మొన్న హోటల్లో నేను పళ్ళెం తీసుకుని ఆ వ్యాను మనిషి బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. పుట్టపర్తిలో కొత్త బృందానికి శిక్షణ మొదలుపెట్టాలి. బస్సు బయట సిద్ధంగా ఉంది.

“ఏమప్పా, బజ్జీ ఎప్పటినుంచి మానేసినావు?” అన్నాను.

అతని చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. బయట కండక్టరు “పుట్టపర్తి, పుట్టపర్తి” అని రేకు మీద కొడుతున్నాడు. మళ్ళీ వంద మాటలు నా నోటిదాకా వచ్చాయి, ఒకదానిని మించి ఒకటి తెలివైనవి. భుజం మీది సంచి తీసి కింద పెట్టాను. బస్సు కదిలిన చప్పుడైంది. అతను ఇంకా ఏమీ అనలేదు. నేనూ అనలేదు.